శ్రీపర్వతం వేటగాడు

వెయ్యేళ్ల కిందటి సంగతి. వ్యాకరణం, తర్కం, మాధ్యమిక శాస్త్రం అన్నీ చదివేసిన ఒక భిక్షువు గురువును వెతుక్కుంటూ దక్షిణాదికి బయల్దేరాడు. పేరు మైత్రీగుప్తుడు. టిబెట్ వాళ్ల నోట మైత్రీపా. ఆయన దగ్గర మద్యం దొరికిందని విక్రమశిల విహారంలోంచి వెళ్లగొట్టారనీ, వెళ్లగొట్టించింది సాక్షాత్తూ ఆచార్య అతీశుడేననీ టిబెట్ కథలు చెప్తాయి. నేపాల్లో దొరికిన సంస్కృత కథ మాత్రం ఆయన్ని దక్షిణానికి పంపింది కలలో అందిన ఆదేశమేనంటుంది. తోడుగా సాగరుడనే మరొకాయన.

వాళ్లు వెతుకుతున్నది మహాపండితుణ్ని కాదు. శ్రీపర్వతం అడవుల్లో విల్లు పట్టుకుని తిరిగే ఒక వేటగాణ్ని. కథల్లో ఆయన శబరేశ్వరుడు, శబరిపా. ఎంత తిరిగినా కనపడడు. దుంపలు, కాయలు తింటూ ఎదురుచూస్తారు. చివరికి కనపడ్డప్పుడు భిక్షువుకు కళ్లు తిరిగినంత పనవుతుంది. భుజాన విల్లు, చుట్టూ వేటాడిన జంతువులు, పక్కన ఇద్దరు భార్యలు. ప్రాణాలు తీసేవాడు బోధిసత్త్వ మార్గం చెప్పేదేమిటన్న అనుమానం వచ్చింది. ఆ అనుమానం తీరడమే కథలో అసలు ఘట్టం. శబరుడి బాణం తగిలేది జింకకు కాదు, నేను వేరు నువ్వు వేరు అనే పట్టుదలకు అని టిబెట్ వ్యాఖ్యాతలు అర్థం చెప్తారు. అర్థం సంగతి అలా ఉంచి, ఆ దృశ్యాన్నే చూడండి. ఉత్తరాది విశ్వవిద్యాలయాల చదువంతా నెత్తినెత్తుకుని వచ్చినవాడు కృష్ణ ఒడ్డు అడవిలో ఒక బోయవాడి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఇవాళ స్కాట్లాండులోనో అమెరికాలోని కొలరాడోలోనో కాగ్యు అనే టిబెట్ సంప్రదాయానికి చెందిన బౌద్ధులు మహాముద్ర అనే ధ్యానమార్గపు గురుపరంపరను తలచుకునేటప్పుడు సరహుడు, నాగార్జునుడు, శబరిపా, మైత్రీపా అని వరసగా చెప్పుకుంటారు. ఆ నలుగురిలో మధ్య ఇద్దరిదీ మన కొండల చిరునామాయే.

ఏది శ్రీపర్వతం?

హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయేవాళ్లందరికీ మన్ననూరు చెక్‌పోస్టు తెలుసు. రాత్రి తొమ్మిదికి గేటు పడిందంటే తెల్లారి ఆరింటి దాకా అడవి పులులదే. అక్కడ మొదలయ్యే అమ్రాబాద్ గుట్టలు ఫర్హాబాద్ దగ్గర ఇంకో మెట్టు పైకెక్కి, వటవర్లపల్లి, దోమలపెంట మీదుగా కృష్ణ లోయలోకి దిగిపోతాయి. అవతలి ఒడ్డున శ్రీశైలం. నదితో పాటు కిందికి పోతే నాగార్జునకొండ. పులుల అభయారణ్యం గీత కూడా నాగర్‌కర్నూలు, నల్లగొండ రెండు జిల్లాల మీదుగా అలాగే సాగుతుంది.

ఈ నల్లమల కొండల వరస మొత్తానికీ పాత గ్రంథాల్లో తిరిగే పేరు శ్రీపర్వతం. శైవులకు అది మల్లన్న కొండ. బౌద్ధులకు ఆ పేరు శాసనంలోనే ఉంది. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ ఏట, అంటే క్రీస్తుశకం 3వ శతాబ్దంలో, బోధిసిరి అనే ఉపాసిక ఒక చైత్యగృహం కట్టించి ఆ వివరం నేల బండల మీద చెక్కించింది. శ్రీపర్వతం మీద, ఇక్ష్వాకుల రాజధాని విజయపురికి తూర్పు దిక్కున, చుళధమ్మగిరి విహారంలో అని చోటు కూడా చెప్పింది. ఈ అడవుల్లోని సలేశ్వరం లోయే ఆ చుళధమ్మగిరి అన్న మాట ఈమధ్య మన వైపు గట్టిగా వినిపిస్తోంది. వినడానికి ముచ్చటగానే ఉంది. కానీ శాసనం తూర్పు అంటుంటే విజయపురికి పడమర, అంత దూరాన ఉన్న లోయను ఎలా ఒప్పుకుంటాం? చైత్ర పౌర్ణమికి వస్తున్నామని లింగమయ్యకు చెప్పుకుంటూ దిగి, పోతున్నామని చెప్పుకుంటూ ఎక్కే ఆ జాతరకు కొత్తగా బౌద్ధం తగిలించాల్సిన పనిలేదు. చెంచులే పూజారులైన ఆ గుహకు దాని గొప్ప దానికుంది.

బోధిసిరి శాసనంలో నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది మరో భాగం. ఆమె చైత్యగృహం ఇచ్చింది తామ్రపర్ణి ఆచార్యులకు, అంటే సింహళ భిక్షువులకు. వాళ్లు ధర్మం చెప్పి మెప్పించిన దేశాల పట్టీ కూడా పెట్టింది. కాశ్మీరం, గాంధారం, చీనా, చిలాత, తోసలి, అపరాంతం, వంగ, వనవాసి, యవన, దమిళ, పాలూరు, తామ్రపర్ణి ద్వీపం. యవన అన్న మాట చూశారా? బౌద్ధం పడమటికి పోయిందన్న వార్త లండన్ పత్రికల్లో రావడానికి పదహారు వందల ఏళ్ల ముందే కృష్ణ ఒడ్డున ఒక గృహిణి రాతిలో చెక్కించిపెట్టింది. ఆమె దానాల చిట్టా ఇంకా ఉంది. పూర్వశైలంలో చెరువు, మండపం. సింహళ విహారంలో బోధివృక్షానికి గుడి. దేవగిరిలో ధ్యానశాల. పుష్పగిరిలో రాతి మండపం. రాజుల ప్రశస్తుల కన్నా ఈ ఇంటిలెక్క లాంటి జాబితాయే ఆ కాలాన్ని ఎక్కువ చూపిస్తుంది.

విష్ణుకుండినుల కాలానికి వస్తే కథ ఇంకా మలుపు తిరుగుతుంది. శాసనాల్లో తమను శ్రీపర్వతస్వామి పాదసేవకులమని చెప్పుకున్న రాజులు వాళ్లు. నల్లగొండ వైపు తుమ్మలగూడెంలో, పాత పేరు ఇంద్రపాలనగరం, దొరికిన రాగి రేకుల్లో చూస్తే గోవిందవర్మ తన రాణి కట్టించిన బౌద్ధ విహారానికి ఊళ్లు దానమిచ్చాడు. శకం 488లో, అంటే 566లో, విక్రమేంద్రభట్టారకవర్మ మళ్లీ అదే విహారానికి దానమిచ్చాడు. శివుడికి దండం, బుద్ధుడికి భూమి. ఈ ప్రాంతంలో మతాల మధ్య గోడ మనం పాఠ్యపుస్తకాల్లో చదివినంత ఎత్తున ఉన్నట్టు లేదు.

నాగార్జునుడి చేతిరాత ఎక్కడ మిగిలింది

నాగార్జునుడు చివరి రోజులు శ్రీపర్వతంలో గడిపాడని టిబెట్ చరిత్రకారుల మాట. 7వ శతాబ్దంలో హ్యూయాన్ త్సాంగ్ విన్న కథ ఇంకా రంగులద్దుకుంది. శాతవాహన రాజు కొండను తొలిపించి నాగార్జునుడికి అయిదంతస్తుల విహారం కట్టిస్తుంటే బొక్కసం ఖాళీ అయిందట, ఆచార్యుడు రాళ్లను బంగారం చేసి పని పూర్తి చేయించాడట. 2వ శతాబ్దపు తత్త్వవేత్తకూ తర్వాతెప్పటివాడో అయిన రసవాద సిద్ధుడికీ ఒకే పేరుండటంతో ఇద్దరూ కలిసిపోయారు. 11వ శతాబ్దపు మైత్రీపాకు గురువైన శబరిపా, ఆ శబరిపాకు గురువు నాగార్జునుడు అంటే లెక్క కుదరదు కదా. టిబెట్ వాళ్లు దానికీ ఉపాయం కనిపెట్టారు. నాగార్జునుడికి ఆరువందల ఏళ్ల ఆయుష్షు ఇచ్చేశారు.

కథలు పక్కన పెడితే పుస్తకాలున్నాయి. వాటి ప్రయాణం కథల కన్నా వింతగా ఉంటుంది. 'మూలమధ్యమకకారిక'ను 409లో కుమారజీవుడు చాంగాన్ నగరంలో చైనా భాషలోకి తెచ్చాడు. అక్కడి నుంచి కొరియా, జపాన్. శాతవాహన రాజుకు రాసిన ఉత్తరంగా పేరొందిన 'సుహృల్లేఖ'ను 7వ శతాబ్దంలో ఇత్సింగ్ చైనా భాషలోకి తెచ్చాడు, ఇక్కడ పిల్లలు దాన్ని కంఠస్థం చేస్తారని రాశాడు. మన దగ్గర మాత్రం కారికల సంస్కృత మూలం విడిగా చేతికి అందలేదు. చంద్రకీర్తి 'ప్రసన్నపద' అనే వ్యాఖ్య రాస్తూ శ్లోకాలన్నీ ఎత్తిరాశాడు కాబట్టి బతికిపోయింది. ఆ వ్యాఖ్య నేపాల్లో నిలిచింది. కాఠ్మండూలో బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న బ్రయన్ హాడ్జ్‌సన్ సంస్కృత బౌద్ధ ప్రతులను కట్టలు కట్టలుగా కలకత్తాకు, లండన్‌కు, పారిస్‌కు పంపడంతో ఐరోపా చదువు మొదలైంది. పారిస్‌లో బుర్నూఫ్ 1844లో భారతీయ బౌద్ధం మీద మొదటి పెద్ద పుస్తకం తెచ్చాడు. బెల్జియం పండితుడు లా వల్లే పూసేఁ సరిచూసిన 'ప్రసన్నపద' 1903 నుంచి 1913 దాకా భాగాలుగా అచ్చయింది. ఎక్కడనుకున్నారు? రష్యాలో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో.

'విగ్రహవ్యావర్తని'ది మరో దారి. దాని సంస్కృత ప్రతిని 1936లో రాహుల్ సాంకృత్యాయన్ టిబెట్‌లోని ఒక మఠంలో పట్టుకున్నారు. కంచర గాడిదల మీద హిమాలయాలు దాటి వెళ్లి తెచ్చుకుంటే తప్ప కృష్ణ ఒడ్డు వాదం మళ్లీ ఈ దేశంలో వినపడలేదు.

చేతికందాక ఐరోపా దాన్ని ఎలా చదివింది అన్నది వేరే వినోదం. 19వ శతాబ్దపు పండితులకు శూన్యవాదం అంటే ఏమీ లేదనే వాదం, భయంకరమైన నాస్తికం. 1927లో లెనిన్‌గ్రాడ్ నుంచి స్చెర్‌బాట్‌స్కీ అది కాదు, కాంట్ చెప్పిన దానికి దగ్గరగా ఉందన్నాడు. 1955లో టి.ఆర్.వి. మూర్తి కూడా ఇంచుమించు ఆ దారినే నడిచారు. తర్వాతి తరం విట్గెన్‌స్టయిన్‌ను తెచ్చి పక్కన నిలబెట్టింది. ఎవరి తరంలో ఎవరు గొప్పో ఆయనే నాగార్జునుడికి చుట్టమవుతాడు. నిజానికి నాగార్జునుడు చేసింది ఒకటే పని. ఏ వస్తువుకూ తనకంటూ సొంత అస్తిత్వం లేదు, అన్నీ ఒకదాని ఆసరాతో మరొకటి నిలుస్తాయి అని, ఎదుటివాడి మాటలతోనే ఎదుటివాణ్ని కట్టిపడేయడం. మరి నీ వాదానికైనా నిలకడ ఉందా అని అడిగితే నేను నిలబెట్టాల్సిన ప్రతిజ్ఞే లేదు పొమ్మన్నాడు. ఈ జవాబు తప్పించుకోవడమా, లోతైన మాటా అని పడమటి తత్త్వశాఖల్లో ఇప్పటికీ కొట్టుకుంటున్నారు.

తెలుగువాళ్లలో దీన్ని తలకెత్తుకున్నవారు కొత్త సచ్చిదానందమూర్తి. ఆయన 'నాగార్జున' 1971లో నేషనల్ బుక్ ట్రస్టు వేసింది, ఇంగ్లీషులో.

చెంచు వేషం

మళ్లీ వేటగాడి దగ్గరికి వద్దాం.

టిబెట్ పటచిత్రాల్లో శబరిపాను గుర్తుపట్టడం తేలిక. నల్లని ఒళ్లు, నడుముకు నెమలీకలో ఆకులో, చేతిలో విల్లు, ఒక్కోసారి వింటికి వేలాడే జంతువు. 1907లో హరప్రసాద్ శాస్త్రి నేపాల్ రాజు గ్రంథాలయంలో కనుక్కున్న 'చర్యాపదాలు'లో శబరుడి పేరు మీదున్న పాటల్లో ఎత్తయిన కొండ మీద నెమలీకలు తురుముకుని గురివింద దండ వేసుకున్న శబరి పిల్ల కనిపిస్తుంది. టిబెట్ చరిత్రకారుడు తారానాథుడి ప్రకారం అసలు శబరిపా అడవి మనిషే కాదు, బెంగాల్‌లో ఒక నాట్యాచార్యుడి కొడుకు. నాగార్జునుణ్ని కలిసి, శ్రీపర్వతానికి పోయి, శబరుల్లో శబరుడిగా బతికాడు.

అందుకని శబరిపా చెంచువాడే అని బోర్డు పాతలేం. శబరుడు అన్న మాట ఏ అడవి వేటగాడికైనా చెల్లుతుంది. నాకు ముఖ్యం అనిపించేది ఇంకొకటి. ఈ కొండకు ఏ దేవుడు వచ్చినా, ఏ మతం వచ్చినా చెంచు వేషం కట్టకుండా ఊరుకోలేదు. శ్రీశైలం శివుడు వేటకొచ్చి చెంచు పిల్లను పెళ్లాడి చెంచు మల్లయ్య అయ్యాడు. చెంచులకు ఆయన ఇంటి అల్లుడు. అహోబిలం నరసింహుడు చెంచులక్ష్మి కోసం అడవిలో తిరిగాడు. బౌద్ధం కూడా అదే తోవన పోయి తన గురువు చేతికి విల్లు ఇచ్చింది. బయటి నుంచి వచ్చినవాళ్లు అడవివాళ్లకు నేర్పామని చెప్పుకోవడం లోకంలో మామూలు. నల్లమల కథల్లో వరస తిరగబడింది. నేర్చుకోవడానికి వచ్చింది పండితుడు, నేర్పింది అడవి. ఫర్హాబాద్‌లో నిజాం కట్టించుకున్న షికార్‌గాహ్ శిథిలాలు చూసినప్పుడు ఇదే గుర్తొస్తుంది. వేటకని వచ్చినవాళ్లలో ఆ దొరలు మాత్రం ఏ చెంచు పిల్ల కథలోకీ ఎక్కలేదు.

మైత్రీపా ఇక్కడి నుంచి ఏం పట్టుకుపోయాడు? అమనసికారం అన్నాడు. మనసు దేన్నీ పట్టుకుని వేలాడకుండా వదిలేయడం. ఇది శాస్త్రంలో ఉందా అని సాటి పండితులు నిలదీస్తే నాగార్జునుడి మాధ్యమికాన్నే ఆధారంగా చూపి చిన్న చిన్న రచనలు చేశాడు. అడవిలో విన్నదాన్ని బడి భాషలోకి దించడం ఆయన జీవితం మొత్తం చేసిన పని. టిబెట్ నుంచి వచ్చిన అనువాదకుడు మార్పా ఆయన దగ్గర మహాముద్ర నేర్చుకుని కొండలు దాటించాడు. మార్పా శిష్యుడు మిలరేపా, ఆయన శిష్యుడు గంపోపా, తర్వాత కర్మపాలు.

ఆ వరసలోంచే 1959లో టిబెట్ నుంచి పారిపోయి వచ్చిన చోగ్యం త్రుంగ్‌పా ఆక్స్‌ఫర్డులో చదివి, అకోంగ్ రింపోచేతో కలిసి 1967లో స్కాట్లాండులో సమ్యే లింగ్ మఠం పెట్టాడు. 1974లో కొలరాడోలోని బౌల్డర్‌లో నరోపా ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. అలెన్ గిన్స్‌బర్గ్ లాంటి కవులు అక్కడ పాఠాలు చెప్పారు. త్రుంగ్‌పా తాగుడు మీద, నడవడి మీద అప్పుడూ ఇప్పుడూ వివాదాలే. పరంపర మొదట్లో మైత్రీపాను విహారంలోంచి గెంటింది కూడా మద్యం పేరు మీదే అని ఆయన భక్తులు సమర్థించుకోవచ్చు. నాకైతే ఆ పోలిక ఒప్పదు. మైత్రీపా గెంటేస్తే వెళ్లి వేటగాడి కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

ఇదంతా ఒకవైపు ప్రయాణమే కాదు. బుద్ధుడు మనకు తిరిగొచ్చిన తోవ కూడా పడమటి నుంచే. ఎడ్విన్ ఆర్నాల్డ్ 1879లో రాసిన 'లైట్ ఆఫ్ ఏషియా'ను ఆధారం చేసుకుని తిరుపతి వేంకట కవులు 'బుద్ధచరిత్రము' రాశారు. 2023లో మన ఫణిగిరి తోరణం శిల్పాలు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్లి కనపడ్డాకే చాలామందికి ఆ ఊరు సూర్యాపేట దగ్గరుందని తెలిసింది. బర్మాలో పుట్టి పెరిగిన గోయెంకా గారు 1969లో ఈ దేశానికి తెచ్చిన విపశ్యన పాశ్చాత్య యువకులతో ఖండాలు దాటింది. ఇప్పుడు నాగార్జునసాగర్ హిల్ కాలనీలోనే ధమ్మ నాగజ్జున కేంద్రం ఉంది. 2022 మే 14న తెరిచిన బుద్ధవనం కూడా ఆ పక్కనే.

వియన్నా నుంచి ఇద్దరు

1940లో అమ్రాబాద్ గుట్టల మీదికి ఒక తెల్లాయన వచ్చి చెంచుల మధ్య గుడారం వేసుకున్నాడు. పేరు క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్. వియన్నావాడు. ఆస్ట్రియాను హిట్లర్ కలిపేసుకోవడంతో చేతిలో జర్మన్ పాస్‌పోర్టు, యుద్ధం రాగానే శత్రుదేశీయుడన్న ముద్ర. హైదరాబాద్ సంస్థానం దాటి కదలొద్దన్నారు. కదలలేని ఆ మనిషి పెంటలు, అంటే చెంచు గూడేలు, పట్టుకు తిరిగాడు. ఇనుప మొన తొడిగిన కర్రతో గడ్డలు తవ్వడం, తాళ్లకు వేలాడి కొండ చరియల్లో తేనె తీయడం, ఏ రోజు దొరికింది ఆ రోజే తినడం, ఎవరి పెంటకు ఎంత అడవి, అన్నీ రాసుకున్నాడు. 1943లో లండన్‌లో 'ది చెంచూస్' వచ్చింది. హైదరాబాద్ సంస్థానపు ఆదివాసుల మీద ఆయన రాసిన వరసలో అదే మొదటి సంపుటం.

యుద్ధం అయిపోయాక ఆయన లండన్ విశ్వవిద్యాలయంలో చేరి, 1953లో నేపాల్ వెళ్లాడు. ఎవరెస్టు పాదంలోని షెర్పాల మధ్య, తెంగ్‌బోచే లాంటి మఠాల నీడలో పనిచేసి 1964లో 'ది షెర్పాస్ ఆఫ్ నేపాల్' తెచ్చాడు. ఉపశీర్షికలో వాళ్లను బౌద్ధ పర్వతవాసులన్నాడు. నాగార్జునుడి పేరు తలచుకుని దండం పెట్టే జనం మధ్యకు ఆయన పోయింది శ్రీపర్వతం నీడలో మొదటి పాఠాలు నేర్చుకున్నాకే. ఈ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చదివినవాళ్లు తక్కువ. మానవశాస్త్రం వాళ్లకు ఒక అల్మరా, బౌద్ధం వాళ్లకు ఇంకో అల్మరా.

వియన్నా నుంచే మరో పుస్తకం 2015లో వచ్చింది. అప్పట్లో వియన్నా విశ్వవిద్యాలయ ఆచార్యుడైన క్లాస్ డీటర్ మాథెస్ మైత్రీపా అమనసికార రచనలన్నిటినీ ఇంగ్లీషు చేసి, సంస్కృత, టిబెటన్ పాఠాలను సరిచూసి వేశారు. మహాముద్రా, మాధ్యమికమూ ఎలా కలిశాయన్నదే దాని విషయం. ఆయనకు ముందు హరప్రసాద్ శాస్త్రి ఈ రచనలను 'అద్వయవజ్రసంగ్రహం' పేరుతో 1927లో బరోడా నుంచి అచ్చు వేశారు. మైత్రీపా శబరుణ్ని కలిసిన కథ ఉన్న నేపాల్ ప్రతిని ఇటలీ పండితుడు తూచ్చీ, ఫ్రాన్స్ పండితుడు సిల్వాఁ లేవీ ఆ తర్వాత కొద్ది ఏళ్లకే వెలుగులోకి తెచ్చారు. ఇటలీ, ఫ్రాన్స్, బరోడా, వియన్నా అయ్యాయి. ఈ రచనల్లో చాలావరకు నాలుగైదు పుటలు దాటనివి, సంస్కృతం సులువైనది. అచ్చంపేటలోనో నల్లగొండలోనో సంస్కృతం చెప్పే పంతులుగారు ఒక్క వేసవి సెలవుల్లో కూర్చుంటే తెలుగులో ఓ చిన్న పుస్తకం అయిపోతుంది.